గడపంత తలుపు ఉన్న కారు

వరంగల్,
శనివారం మధ్యాహ్నం

రాహేలక్కకు,

నీ చెల్లెలు ఎస్తేరు ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాసేది. ఇక్కడ నేను, దాసు, కోడలు సుగుణ, మనవరాలు సరళ అందరమూ క్షేమం. అక్కడ నువ్వూ బావా ఎలా ఉన్నారు? బావ దగ్గు తగ్గిందా? బీడీ మానకుండా దగ్గు తగ్గాలని ప్రార్థన చేయమంటే నేను చేయను. దేవుణ్ని అంత ఇబ్బంది పెట్టడం నాకిష్టం లేదని చెప్పు. నీ మోకాళ్లకు నువ్వుల నూనె రాస్తున్నావా, లేక సీసాను చూసి తృప్తి పడుతున్నావా?

ముందుగా ఒక చావు కబురు. భయపడకు, మనిషిది కాదు. నేను వచ్చేటప్పుడు నువ్వు బూరుగు దూది గింజ ఏరి, నీ చేత్తో కుట్టి ఇచ్చిన పెద్ద మెత్త పోయింది. ఎలా పోయిందో చెప్పాలంటే కారు సంగతి చెప్పాలి. కారు సంగతి చెప్పాలంటే సరళ పెళ్లి సంగతి చెప్పాలి. కాబట్టి స్టవ్ మీద ఏదైనా పెట్టి ఉంటే దించి వచ్చి కూర్చో.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. ఈ మాట ఈ ఉత్తరంలో ఇంకా రెండు మూడు సార్లు రాస్తాను. ప్రతిసారీ నమ్ము. నెక్కొండలో రైలెక్కితే, పక్కవాడి ఊరూ పేరూ తెలుసుకునేలోపే వరంగల్ వస్తుంది. అయినా ఇది పరదేశమే. అక్కడ దాసును అందరూ "ఎస్తేరు టీచర్ కొడుకు" అనేవాళ్లు. ఇక్కడ నన్ను "దాసు వాళ్లమ్మ" అంటున్నారు. రైలు దిగేసరికి అంతా తలకిందులైంది.

ఇంటి ముందు భాగమంతా దాసు షెడ్డు, వెనుక రెండు గదులు మావి. సొట్టలు పడ్డ కార్లూ జీపులూ ముందు నుంచి వస్తాయి, సుత్తి చప్పుడు వెనుక దాకా వస్తుంది. తెల్లారింది మొదలు ఠంగు ఠంగు. పప్పులో తాలింపు వాసన ఏదో, పెయింటు వాసన ఏదో నా ముక్కు చెప్పలేకపోతోంది. రాత్రిపూట గోధుమ రొట్టె పెడుతున్నారు. ఒకోసారి నేను కొడుకింట్లో ఉన్నానా, దవాఖానలో ఉన్నానా అని అనుమానం వస్తుంది. కోడలు మంచిదే అక్కా, "అత్తమ్మా, ఇంకోటి" అంటూ ప్రేమగానే పెడుతుంది. అందుకే తినక తప్పడం లేదు. ఎండలు అప్పుడే ముదిరాయి. మార్కెట్‌కు మిర్చి వచ్చే రోజులు కదా, గాలి ఇటు తిరిగిందంటే ఊరంతా తుమ్ముతుంది. ఒకరి తుమ్ముకు ఒకరు దీవెన చెప్పుకుంటూ కూర్చుంటే ఇంక పనులు కావు. మధ్యాహ్నాలే కొంచెం పొద్దుపోదు. వాదించడానికి నువ్వు లేవు. సుగుణ అన్నిటికీ "అవునత్తమ్మా" అంటుంది. దానితో నోరు తుప్పు పడుతోంది.

కొడుకింట్లో నోరు అదుపులో పెట్టుకొమ్మని నువ్వు స్టేషన్లో చెప్పి పంపావు. పెట్టుకున్నాను. కారు వచ్చేదాకా పెట్టుకున్నాను.

ఆ కారు ఇక్కడి రైస్‌మిల్లు సేటుది. పాత విలాయతీ బండి. హైదరాబాదులో ఎవరో నవాబుల వారసులు అమ్మితే కొన్నాడట. పందెం కార్ల జాతి. ఇద్దరే కూర్చోవాలి. పైన కప్పు లేదు, గుడ్డ కప్పు ఒకటి వెనక్కి మడిచి ఉంటుంది. పక్కన అద్దాలు అసలే లేవు. నేలకు ఎంత దగ్గరగా ఉంటుందంటే, అందులో కూర్చున్నవాళ్లకు దారిలో పోయే మేకలు తల ఎత్తి చూడదగ్గ మనుషుల్లా కనిపిస్తాయి. వచ్చినప్పుడు అది సొట్టల మూట. దాసు దాన్ని నున్నగా చేసి, దానిమ్మ గింజ రంగు వేశాడు. నిజం చెప్పాలి, నా కొడుకు చేతిలో పని ఉంది. సేటు చూసి, బానెట్ మీద తన మొహం చూసుకుని మురిసి, "దాసూ, నీ బిడ్డ పెండ్లికి గిదే తీస్కపో" అన్నాడు.

ఇంక దాసు నేల మీద లేడు. ఈస్టర్ తర్వాతి వారం సరళ పెళ్లి అని నీకు తెలుసు కదా. చర్చిలో ప్రమాణాలు అయ్యాక పెళ్లికొడుకు విజయ్ కారు నడుపుతాడట, సరళ పక్కన కూర్చుంటుందట, మార్కెట్ రోడ్డు మీదుగా ఇంటి దాకా మెల్లగా వస్తారట.

"నా బిడ్డ, నా పని, రెండూ ఒక్కసారే అందరికీ కనబడాలె అమ్మా" అన్నాడు. అన్నప్పుడు వాడి కళ్లు చూస్తే, చిన్నప్పుడు పలక మీద మొదటిసారి పేరు రాసి తెచ్చి చూపించిన రోజు గుర్తొచ్చింది. సరళ సంగతి చెప్పనే అక్కర్లేదు. రోజూ పొద్దున షెడ్డులోకి పోయి కారు మీది దుమ్ము తుడిచి వస్తోంది. ఇంట్లో చీపురు ముట్టని పిల్ల!

విజయ్ కాజీపేట రైల్వేలో పనిచేస్తాడు. పిల్లవాడు మంచివాడే, కానీ కాలు నిలవదు. ఒక సాయంత్రం కారు చూడటానికి వచ్చి, తలుపు తెరవకుండానే ఒక్క గంతులో లోపల పడ్డాడు. సరళ చప్పట్లు కొట్టింది. 

"విజయ్, నువ్విప్పుడు దాటింది తలుపా, గడపా?" అన్నాను.

"డోరే నానమ్మా!"

"దాటి పోగలిగేదాన్ని మా ఇంట్ల గడప అంటరు బిడ్డా. తలుపైతే తెరవాలె."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కానీ ఆ మాట నా నోట్లో నుంచి వచ్చి నా చెవిలోనే కూర్చుంది. వాళ్లు టీ తాగడానికి పోయాక వెళ్లి కారులో కూర్చున్నాను. కూర్చోవడం అంటే పడటమే. కూర్చుని పక్కకు చూస్తే ఏముంది! తలుపు ముందు వైపు కాస్త ఎత్తుగా మొదలై, సరిగ్గా మనిషి ఉన్నచోట కిందికి వంగి, మళ్లీ వెనక లేచింది. ఇదేమిటని దాసును పిలిచి అడిగితే, మోచేయి బయట పెట్టుకోవడానికి సుఖంగా ఉండాలని దొరలు అలా కోసి దించారన్నాడు. మోచేయికి సుఖం, పక్కటెముకకు దిక్కులేదు. తలుపు మీద వేలితో కొడితే బిస్కెట్ల డబ్బా మోగినట్టు మోగింది. లోపల డొల్ల.

"దాసూ, పక్క నుంచి ఏదన్న వచ్చి తగిల్తె పిల్లకు అడ్డమేమున్నది? మీద కప్పు లేదు. అంబాసిడర్ కైతే కప్పును మోసే కమ్మీలన్న ఉంటయి, తలుపు నా భుజం దాకన్న వస్తది. దీనికి నడుము దాటి లేదు."

"అమ్మా, మెల్లగ పోతరు. సైకిలోడు సుత దాటిపోతడు. ఇగ ఏమైతది?"

"వీళ్లు మెల్లగ పోతరు. వచ్చి తగిలేటోడు సుత మెల్లగ వస్తనని నీకు చెప్పిండా?"

అక్కా, ఈ ఊళ్లో ఎదురుగా వచ్చేవాడు బెల్లు కొడతాడు, హారన్ కొడతాడు, కనీసం తిడతాడు. పక్క గల్లీలోంచి వచ్చేవాడు మాత్రం దేవుడికి తప్ప ఎవరికీ చెప్పకుండా వస్తాడు. కారు ముందు అంత పొడుగు ఇంజను ఉంది, వెనుక డిక్కీ ఉంది. పక్కన మాత్రం ఒక రేకు. విజయ్ కూడా ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివానని, ఈ మధ్య బయటి దేశాల్లో కారు తలుపు లోపల అడ్డంగా ఇనుప పట్టీ పెడుతున్నారని చెప్పాడు. మన బడి తలుపుకు అడ్డగడియ పెట్టేవాళ్లం కదా, అదన్నమాట. దొరలకు ఇప్పటికి తట్టింది. ఈ కారు తట్టకముందుది.

నేనింత చెప్పినా దాసు మొహం ముడుచుకున్నాడే తప్ప మెట్టు దిగలేదు. సరళ అయితే, "నానమ్మకు ఈ ఊర్ల ఏదీ నచ్చదు" అని గొణిగింది. అది తగిలింది అక్కా. ఒప్పుకుంటాను. వచ్చి ఎంతో కాలం కాలేదు, అప్పుడే పెళ్లింట్లో అడ్డుపుల్లనయ్యాను. ఆ రాత్రి గోధుమ రొట్టె ఇంకొకటి కూడా అడిగి తిన్నాను, నా మీద కోపం లేకుండా చూసుకోవాలని. అంతకన్నా త్యాగం నావల్ల కాదు.

ఇంతలో ఇంకో సమస్య వచ్చింది. సీటు మరీ కిందికి ఉంది కదా, సరళ కూర్చుంటే రోడ్డు మీది వాళ్లకు తల మీది ముసుగు, పూలు తప్ప ఏమీ కనబడటం లేదు. "అందరికీ కనబడాలె" అన్నది కదా మన దాసు వాక్యం. సుగుణ ఉపాయం చెప్పింది. నా మెత్త తెచ్చి సీటు మీద వేసింది. నువ్వు గట్టిగా దూది కూరి కుట్టిన మెత్త! దాని మీద సరళ కూర్చుంటే రాణిలా పైకి లేచింది. అందరూ బాగుంది బాగుంది అన్నారు. నేను తలుపు చూశాను. ఇందాక నడుము దాకా ఉన్నది ఇప్పుడు తుంటికి దిగింది.

"మీరు పిల్లను లేపుతలేరు, తలుపును దించుతాన్నరు" అన్నాను.

"ఇగో అమ్మా," అన్నాడు దాసు, విసుగు మింగుకుంటూ, "నువ్వే కూసో. చర్చి కాన్నుంచి ఇంటి దాక నేనే నడుపుత. నీకేం గాకపోతే పిల్లకూ ఏం గాదు. ఇగ ఫికర్ పెట్టుకోకు."

సరేనన్నాను. ముసలిదాన్ని పెళ్లికూతురి సీట్లో పెట్టి, నువ్వు కుట్టిన మెత్త మీద ఎక్కించి ఊరేగించాడు నా కొడుకు. చర్చి గేటు దగ్గర పాస్టరుగారు చూసి చేయి ఊపబోయి ఆగిపోయారు. దారిలో ఒక కాలేజీ కుర్రాడు "అవ్వా, పెండ్లికొడుకేడీ?" అని అరిచాడు. "నీకన్న మంచోని కోసం దేవులాడుతున్న" అని నేనూ అరిచాను. బాగానే ఉంది, అబద్ధమెందుకు? గాలి తగులుతోంది. రోడ్డంతా నన్నే చూస్తోంది. ఇన్నేళ్లు పాఠం చెప్పినా ఇంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు.

మార్కెట్ రోడ్డు మీద, వెదురు బొంగుల డిపో గల్లీ మొదట్లో ఇంజను గరమై ఆగిపోయింది. దాసు నీళ్ల కోసం ఎదురుగా ఉన్న హోటల్లోకి పోయాడు. ఎండ నెత్తి మీద నిలబడి ఉంది. నేను తలుపు తెరుచుకుని, అవును, తెరుచుకునే, దిగి పక్కనున్న టీ కొట్టు నీడలోకి నడిచాను. దిగేటప్పుడు మెత్తను సీటు మీద నిలబెట్టి వచ్చాను. ఎందుకంటావా? అలవాటు. బస్సులో సీటు మీద తువ్వాలు వేసి దిగుతాం కదా. ఎవడైనా ఎగిరి వచ్చి కూర్చుంటాడేమోనని కాపలా పెట్టాను. దాటి పోగలిగే తలుపుకు కాపలా ఉండాలి కదా.

గల్లీలో ఒక ఎడ్లబండి బొంగులు నింపుకుని నిలబడి ఉంది. ఎడ్లు డిపో వైపు, తోక రోడ్డు వైపు. బరువుకు బొంగుల చివర్లు కిందికి వంగి ఉన్నాయి, ఎర్రగుడ్డ కూడా కట్టి ఉంది, తప్పు చెప్పడానికి లేదు. డిపో షట్టర్ ఎవరో ధడేల్మని కిందికి గుంజారు. ఎడ్లు బెదిరి వెనక్కి అడుగులేశాయి. అంతే. బొంగుల చివర్లు మెల్లగా, ఎంతో మర్యాదగా, తలుపు మీదుగా కారులోకి వచ్చాయి. టక్కుమని ఒక చప్పుడు. తర్వాత దూది. గాలిలో, టీ గ్లాసుల్లో, నా జుట్టులో, బండివాడి మీసాల్లో అంతటా బూరుగు దూది.

నా చేతిలో గ్లాసు అలాగే ఉంది. తాగడమూ రాలేదు, కింద పెట్టడమూ రాలేదు.

దాసు నీళ్ల బకెట్ అక్కడే వదిలేసి పరుగెత్తి వచ్చాడు. ముందు నన్ను చూశాడు, బతికే ఉన్నాను. తర్వాత కారును చూశాడు. చుట్టూ తిరిగి, వంగి, తలుపు మీద అరచేయి పెట్టి తడిమాడు.

"దేవుని దయ. అమ్మా, సూడు, డోర్‌కు గీత సుత పడలే!"

"గదే గదరా నేను మొన్నటి నుంచి మొత్తుకునేది" అన్నాను. "తలుపుకు గీత పడలే. మెత్త సచ్చింది."

వాడు తలుపు మీద చేయి తీయకుండానే సీటు వైపు చూశాడు. మెత్తలో బొంగు ఇంకా గుచ్చుకునే ఉంది. దాని చివర ఎర్రగుడ్డ. ఆ ఎరుపు చూసి నా కొడుకు మొహం తెల్లబడింది.

బండివాడు తల మీది దూది దులుపుకుంటూ, కారు దాసుదే అనుకుని మొదలుపెట్టాడు. "నన్ననకుండ్రి సేటూ. ఎడ్లు బెదిరినయి. నీ కారుకు కప్పు లేకపాయె, తలుపు మోకాలంత పాయె, ఇగ నా బొంగులు ఏడ ఆగాలె?"

నేనైతే వాడికి టీ ఇప్పించాను. దాసు బకెట్ తెచ్చి ఇంజనులో నీళ్లు పోశాడు. ఇంటికి వచ్చేటప్పుడు మెత్తను సీట్లోనే ఉంచి, నన్ను రిక్షా ఎక్కించాడు.

ఇంటికొచ్చాక జరిగిందంతా సుగుణకు నేనే చెప్పాను. సరళ వింది. లేచి షెడ్డులోకి పోయింది. పిల్ల ఏడుస్తోందేమోనని వెనకాలే పోయాను. ఏడవడం లేదు. కారులో కూర్చుని, మెత్తను పక్కన నిలబెట్టుకుని, ఆ చిల్లును తన ఒంటితో కొలుచుకుంటోంది. చిల్లులో పిడికిలి పెట్టి, ఆ పిడికిలిని అలాగే తన వైపు జరిపింది. చంక కింద, ఎడమ వైపు ఆగింది.

"నానమ్మా, నాకు ఇక్కడికి వస్తాంది" అంది.

 అక్కా, నాకు ఆ ఒక్కసారి గెలవాలని కూడా అనిపించలేదు. పోయి తలుపు అవతల నిలబడి, దాని తల నా పొట్టకు ఆనించుకున్నాను. అంత దగ్గరగా నిలబడటానికి ఆ తలుపు అడ్డం రాలేదు. అందుకు మాత్రం పనికొచ్చింది.

వెనక దాసు నిలబడి ఉన్నాడని మేమిద్దరమూ చూసుకోలేదు. "అంబాసిడర్ మాట్లాడిన" అన్నాడు. అంతే అని సుత్తి తీసుకుని, సొట్ట లేని రేకును చాలాసేపు కొట్టాడు. పోనీలెమ్మని ఊరుకున్నాను. వాడి ఇన్నాళ్ల కష్టం అది. ఊరంతా చూడాల్సిన పని.

మర్నాడు ఉపాయం సరళే చెప్పింది. చర్చి ఆవరణలో, ఇంజను ఆపి, గేటు మూసి, ఆ కారులో ఇద్దరూ కూర్చుని ఫోటో దిగుతారు. ఎంత ఎత్తు మెత్త కావాలంటే అంత వేసుకుంటారు. ఫోటో పెద్దది చేయించి షెడ్డు ముందు తగిలిస్తారు. ఊరంతా చూస్తుంది, ఏళ్ల తరబడి చూస్తుంది. రోడ్డు మీదికి మాత్రం అంబాసిడర్. దాసు ఆలోచించి ఆలోచించి, చివరికి నవ్వాడు. సేటుకు కూడా చెప్పాడట, తలుపు ఎత్తు పెంచి లోపల అడ్డగడియ వెల్డింగ్ చేసిస్తానని. అందం పోతుందన్నాడట సేటు. "అయితే ఇంట్లనే పెట్టుకోని సూసుకో సేటూ, పెండ్లిండ్లకు ఇయ్యకు" అన్నాడట నా కొడుకు. ఆ మాట విని నేను లోపల గదిలోకి పోయి కాసేపు ఒంటరిగా సంతోషపడ్డాను. ఎదురుగా సంతోషపడితే వాడికి పొగరెక్కుతుంది.

ఇప్పుడు షెడ్డులో కప్పు లేని జీపు వచ్చినా సరే, "అమ్మా, జర కూసుండి సూడు" అని పిలుస్తున్నాడు. నేను పోయి కూర్చుంటాను. నా మోచేయి తలుపు పైకి వచ్చిందంటే తల అడ్డంగా ఊపుతాను. పింఛను తీసుకున్నాక మళ్లీ పరీక్షలు పెట్టే పని దొరికింది. మొన్న ఒకాయన షెడ్డుకు వచ్చి "టీచరమ్మ ఉన్నదా?" అని అడిగాడు. విన్నావా అక్కా, దాసు వాళ్లమ్మ అనలేదు. నేను ఇక్కడ బాగున్నాను. నిజంగానే బాగున్నాను.

ఇక నీకు పనులు. పెళ్లికి రెండు రోజులు ముందే రండి. చింతపండు, మన కంది పప్పు తెండి. ఇక్కడి పప్పు ఎంత ఉడికినా మాట వినదు. మధ్యాహ్నం రైలే ఎక్కండి, పొద్దుటి దానికి కూర్చునే చోటుండదు. స్టేషన్‌కు దాసు వస్తాడు, దేంట్లో వస్తాడో ముందే చూసి ఎక్కండి. చర్చి నుంచి వచ్చేటప్పుడు అంబాసిడర్ వెనక సీట్లో సరళకు ఒక పక్క విజయ్ కూర్చుంటాడు, రెండో పక్క నేను కూర్చుంటానన్నాను. నీకు ముందు సీటు. సరళ పక్కన నా చోటు వదులుకోమంటే వదులుకోను, అడగకు.

మరచిపోకుండా బూరుగు దూది తీసుకురా, కాస్త ఎక్కువే. మెత్త గలేబు ఉతికి దాచాను. దూది నింపి సరళకు పెళ్లి కానుకగా ఇద్దాం. చిల్లుకు మాసిక నువ్వే వెయ్యి. నీ అలవాటు కొద్దీ తెలియకుండా లోపలి నుంచి వేయకు. ఎర్రగుడ్డ పెట్టి పైనుంచే వెయ్యి. అందరికీ కనబడాలనే కదా ఈ గొడవంతా! అది కనబడనీ.

బావకు నా వందనాలు. మా కోసం రోజూ మోకరించు, మోకాళ్లు ఒప్పుకోకపోతే కూర్చునే ప్రార్థన చెయ్యి, వినేవాడు ఎలాగైనా వింటాడు. నీ దీవెన సరళకు ముందే పంపు, నువ్వు వచ్చేదాకా ఆగనక్కరలేదు.

ఎప్పటికీ నీ నోటి దురుసు చెల్లెలు,
ఎస్తేరు